పాటలో నాగమ్మ, పుట్ట దగ్గర నాగమ్మ

కూతురికి కైక అని పేరు పెట్టుకున్న తల్లిని నేనింతవరకూ చూడలేదు. మంథర, శూర్పణఖ, తాటక – ఈ పేర్లు ఊయల దాకా రావు. కావ్యం ఒక స్త్రీని దుర్మార్గురాలిగా తేల్చిందంటే ఆమె పేరు మన ఇళ్ళ గుమ్మం బయటే ఆగిపోతుంది. కథలో పడిన శిక్ష కథతో ముగియదు, తరతరాల ఆడపిల్లల బారసాలల్లో అమలవుతూనే ఉంటుంది. ఈ నియమానికి లొంగని పేరు నాకు తెలిసి ఒకటుంది. అది పల్నాటి నాగమ్మ పేరు.

తెలుగు వీరగాథల్లో నాగమ్మను తిట్టినంతగా మరో స్త్రీని తిట్టలేదు. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిందన్నారు. కోడిపందెంలో మాయ చేసిందన్నారు. రాయబారిని విషం పెట్టి చంపించిందన్నారు. ఒక తరం వీరులంతా కారంపూడి నేల మీద కూలిపోవడానికి ఆమే కారణమన్నారు. ఇన్ని అన్న తర్వాత ఆ పేరు ఆ సీమలో వినిపించకూడదు. కానీ గురజాల, మాచర్ల, నరసరావుపేట, వినుకొండ, అద్దంకి, మార్కాపురం – ఎటు వెళ్ళినా మా అమ్మమ్మల తరంలో వీధికో నాగమ్మ ఉండేది. పత్తి తీసే నాగమ్మ, మిరపకాయ కోతకు ముఠా కట్టే నాగమ్మ, మంత్రసాని నాగమ్మ, కరణంగారి ఇంట్లో మడి కట్టుకున్న నాగమ్మ. ఒకే ఊళ్ళో ఇద్దరుంటే ‘మెట్టమీది నాగమ్మ’, ‘చెరువుకాడి నాగమ్మ’ అని గుర్తు పెట్టుకునేవాళ్ళు. కులాల గోడలు ఎంత ఎత్తుగా ఉన్నా ఈ పేరు అన్ని గోడలూ దాటింది.

ఇదెలా సాధ్యమైంది? కావ్యం ఇంత గట్టిగా తీర్పు చెప్పిన చోట ఆడవాళ్ళు ఆ తీర్పును ఎందుకు పట్టించుకోలేదు? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే పేరుకు అర్థం ఎవరు నిర్ణయిస్తారన్న ఇంకో పెద్ద ప్రశ్న దగ్గరికి చేరతాం.

*

నిఘంటువు దగ్గర మొదలుపెడితే పని తొందరగా అయిపోతుంది. ‘నాగ’ సంస్కృత పదం, పాము అని అర్థం. దానికి ‘అమ్మ’ చేరింది. కానీ ఈ పేరుకున్న వయసు నిఘంటువులో కనిపించదు. అమరావతి స్తూపం దగ్గర దొరికిన రాతిముక్క మీద ‘నాగబు’ అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించి, మనకు దొరికిన తొలి తెలుగు మాట ఇదేనన్నారు. తర్వాత పండితులు ఇంకా పాత మాటలున్నాయని వాదించారు, ఆ వాదాలు నడుస్తూనే ఉన్నాయి. తొలిమాట ఏదైనా, కృష్ణ ఒడ్డున ఈ నేల మీద భాష రాయిలో నిలబడటం మొదలుపెట్టిన కాలానికే నాగు అందులో ఉంది. అమరావతి శిల్పాల్లో స్తూపాన్ని చుట్టుకుని కాపలా కాస్తున్న నాగులున్నాయి. ఆ స్తూపానికి దానాలు చేసినవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం కాదు. భిక్షుణులు, గృహిణులు, కూతుళ్ళతో కోడళ్ళతో కలిసి పలక చెక్కించిన తల్లులు తమ పేర్లు శాసనాల్లో వేయించుకున్నారు. దాతల పేర్లలో ‘నాగ’ చేరినవి కనిపిస్తాయి. ఆ తర్వాత ఎగువన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో మహాచైత్యానికి ప్రధాన దాత చాంతిసిరి అనే స్త్రీ. అంటే ఈ పేరు పెట్టుకుని, ఆ పేరుతో లోకంలో గుర్తుండాలనుకున్న స్త్రీలు శ్రీనాథుడికి వెయ్యేళ్ళ ముందు నుంచే ఇక్కడున్నారు.

బౌద్ధం వెళ్ళిపోయింది. పుట్ట మిగిలింది. కార్తీక శుద్ధ చవితి నాడు చలిమిడి, చిమ్మిలి, పాలు, గుడ్లు పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్ళేది ఎక్కువగా ఆడవాళ్ళే. అక్కడ పూజారి అవసరం లేదు, మంత్రం అక్కర్లేదు. పుట్టమన్ను వేలితో తీసి పిల్లల చెవులకు రాస్తారు, చెవిపోటు రాకుండా. బిడ్డలు లేని స్త్రీ మొక్కుకుంటుంది, పుట్టిన బిడ్డకు ఆ పేరు పెడుతుంది. మొక్కు తీర్చడమంటే పేరు పెట్టడమే. ఈ భక్తిని మూఢనమ్మకం అని ఒక్కమాటలో కొట్టిపారేసేవాళ్ళు ఆ నేలను ఒకసారి చూడాలి. ఎండాకాలం నెరెలు విచ్చే నల్లరేగడి. ప్రతి నెరెలోనూ ఒక పాము ఉండొచ్చు. పత్తిచేలో నడుము వంచి, మొక్కల కిందికి చేతులు పెట్టి తీసేది ఆడవాళ్ళు. మిరపచేలో చీకటితోనే కోతకు దిగేదీ ఆడవాళ్ళే. కాళ్ళకు చెప్పులుండవు. అటువంటి నేల మీద పాముతో పగ పెట్టుకుని బతకలేరు, దాన్ని అమ్మా అని పిలిచి ఒప్పందం చేసుకున్నారు. నాగమ్మ అనే పేరులో ఆ ఒప్పందం ఉంది. ‘నీ పేరే మా బిడ్డకు పెట్టుకున్నాం, మా జోలికి రాకు’ అని.

ఈ పేరులో పాము భయపెట్టేదే, కాపాడేదీ అదే. బిడ్డనిచ్చేది, బిడ్డను తీసుకుపోగలిగేది కూడా. ఆ రెంటినీ విడదీయని పేరు అది. కావ్యం చేసిన పని ఆ రెంటినీ విడదీయడం.

*

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర జరిగిందంటారు చరిత్రకారులు. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న ద్విపద దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాతిది. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. పుస్తకంతో సంబంధం లేకుండా వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చిన కథ వేరే ఉంది. 1970లలో జీన్ రోగైర్ అనే పరిశోధకుడు ఆ గానాన్ని రికార్డు చేసి, ఇంగ్లీషులోకి అనువదించి 1982లో ప్రకటించాడు. పాడినవాళ్ళనూ రాసినవాళ్ళనూ ఒకే గాటన కట్టడం సరికాదు. మాల కులానికి చెందిన వీరవిద్యావంతులకు ఆ కథ తమ ఇంటి కథ, కన్నమదాసు కథ. చాపకూడులో అందరితో కలిసి కూర్చోగలిగిన రోజు కథ. బ్రహ్మనాయుడి మీద వాళ్ళకున్న ప్రేమకు కారణం చాలా గట్టిది. అది మర్చిపోయి నాగమ్మ పక్షాన వకాల్తా పుచ్చుకుంటే అది అగ్రకుల స్త్రీవాదం అవుతుంది. ఆ జాగ్రత్త పెట్టుకునే ఈ కథను చదవాలి.

కథలో నాగమ్మ ఎవరు? బాల్యంలోనే భర్త పోయిన స్త్రీ. గురజాల దగ్గరి జిట్టగామాలపాడులో పెరిగిందని చెప్తారు. పొలం, ధాన్యం, ఆస్తి ఉన్నాయి. అనుగురాజు పరివారంతో అటు వచ్చినప్పుడు అందరికీ భోజనాలు పెట్టింది. ఏం కావాలో కోరుకోమంటే మంత్రి పదవి అడిగింది. ఈ కోరిక దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మన కథల్లో రాజు వరమిస్తానంటే ఆడవాళ్ళు అడిగేవి మనకు తెలుసు – కొడుకు, కొడుక్కి రాజ్యం, భర్త ప్రాణం, తన మాంగల్యం. తన కోసం, తన పేరున, పని అడిగిన స్త్రీ ఈమె. ముండమోసిందని శుభకార్యంలో ముందుకు రానివ్వని లోకంలో రాచకొలువులో ముందు వరసలో కూర్చుంటానని అడిగింది.

ఇంకో విషయం. పల్నాడు అనుగురాజుకు ఎలా వచ్చింది? వెలనాటి చోళుల ఆడపడుచు మైలమదేవిని పెళ్ళాడితే అరణంగా వచ్చింది. సవతి తల్లుల బిడ్డలు నలగామరాజు, మలిదేవరాజు ఏ నేల కోసం కొట్టుకున్నారో ఆ నేల ఒక స్త్రీ పసుపుకుంకాల కింద వచ్చిన నేల. కథ ఈ సంగతి చెప్పి ముందుకు వెళ్ళిపోతుంది. ఆ నేల ఎవరిదనే తగవులో మైలమ మాట ఎక్కడా లెక్కలోకి రాదు. ఆ నేల మీద పెత్తనం చేసిన ఒకే ఒక్క స్త్రీని మాత్రం కథ క్షమించదు.

కథ మెచ్చుకున్న స్త్రీ మాంచాల. బాలచంద్రుడు పెళ్ళాడి ఆమె ముఖం చూడకుండా వేశ్య ఇంట్లో గడిపాడు. యుద్ధానికి వెళ్ళే ముందు తల్లి పంపిస్తే భార్య దగ్గరికి వచ్చాడు. ఆమె అతనికి కత్తి ఇచ్చి చావుకు సాగనంపింది. అందుకు ఆమె ‘మగువ మాంచాల’ అయింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అలరాజు భార్య సహగమనం చేసింది, ఆమెకూ గౌరవం దక్కింది. ఈ కథలో మంచి స్త్రీ కావాలంటే మగవాడి చావుతో తన సంబంధాన్ని అందంగా నిరూపించుకోవాలి. నాగమ్మ అప్పటికే భర్త పోయిన స్త్రీ, అలా నిరూపించుకోవడానికి ఆమె దగ్గరేమీ లేదు.

భాషలో కూడా ఒక చిత్రం ఉంది. ‘నాయిక’ అంటే ఎదురుచూసేది, అలిగేది, విరహపడేది. అలంకారశాస్త్రం ఆమెను ఎనిమిది రకాలుగా వర్గీకరించింది. ‘నాయకురాలు’ అంటే నడిపేది. ఈ మాటకు అలంకారశాస్త్రంలో చోటు లేదు. పల్నాటి కథలో నాయిక మాంచాల, నాయకురాలు నాగమ్మ. మన సాహిత్యం శతాబ్దాలుగా నాయికలతో నిండిపోయింది. నాయకురాలు అన్న మాట బిరుదుగా ఇంటిపేరులా అతుక్కున్నది ఈమె ఒక్కతెకే. సుమారు 80 ఏళ్ళ తర్వాత ఓరుగల్లు సింహాసనం ఎక్కిన రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనవలసి వచ్చింది. రాజ్యం చెయ్యడానికి ఆమె మగ పేరు తొడుక్కోవలసి వచ్చింది. కథలోని నాగమ్మకు ఆ అవసరం రాలేదు. నాగమ్మగానే కొలువులో కూర్చుంది, నాగమ్మగానే కోడిపోరు బరి పక్కన నిలబడింది. బహుశా ఆమె మీద అంత కోపానికి ఇదీ ఒక కారణం. పురుషవేషం వేసిన స్త్రీని మన సంప్రదాయం సహించగలదు. చీరకట్టుతో, ‘అమ్మ’ చివరనున్న పేరుతో అధికారం చేసిన స్త్రీని సహించలేదు.

ఇక పాము దగ్గరికి వద్దాం. ఆమె పేరును వాడుకోవడం కథ చెప్పేవాళ్ళకు చాలా తేలిక. పగ, విషం, కాటు, రెండు నాలుకలు – ఈ మాటలన్నీ పేరులోనే సిద్ధంగా ఉన్నాయి. అలరాజుకు విషప్రయోగం జరిగిన చోట ఆ పేరు తనంత తానే సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. పుట్ట దగ్గర ఆడవాళ్ళు కొలిచే పాములోంచి కథ విషాన్ని మాత్రం తీసుకుని, ఆ విషాన్ని ఒక స్త్రీ స్వభావంగా మార్చింది. బ్రహ్మనాయుడూ ఎత్తులు వేశాడు, అతని వైపు వాళ్ళూ చంపారు. ఆ ఎత్తులకు నీతి అని పేరు, ఆమె ఎత్తులకు కుటిలమని పేరు.

*

ఆధునిక కాలం ఈ తీర్పును తిరగరాసిందా? అంత తేలిగ్గా లేదు. 20వ శతాబ్దపు సంస్కర్తలకు బ్రహ్మనాయుడు దొరకడం ఒక నిధి దొరకడమే. అస్పృశ్యతా నివారణకు ఏడెనిమిది వందల ఏళ్ళ క్రితమే మన నేల మీద ఒక ఆదర్శం ఉందని చూపించుకోగలిగారు. బ్రహ్మనాయుడు అభ్యుదయవాది అయిన కొద్దీ అతన్ని ఎదిరించిన స్త్రీ ప్రగతి నిరోధకురాలైపోయింది. భూస్వామ్య పాఠంలో ఆమె ఆడదై ఉండి పెత్తనం చేసినందుకు చెడ్డది, అభ్యుదయ పాఠంలో సంస్కర్తకు అడ్డం వచ్చినందుకు చెడ్డది. కారణం మారినా ముద్దాయి మారలేదు. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ కథ మీద నాటకం రాసి దానికి ‘నాయకురాలు’ అని పేరు పెట్టారు. సత్తెనపల్లి ప్రాంతంలో పుట్టి, భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి గుంటూరులో ఆడపిల్లల కోసం శారదానికేతనం నడిపిన మనిషి, ఇంతమంది వీరులుండగా శీర్షికలో ఆమెనే నిలబెట్టారు. ఆ శీర్షిక చాలా చెప్తుంది.

సినిమా రెండుసార్లు ఈ కథను పట్టుకుంది. 1947లో గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి చనిపోతే ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేసిన ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ నాగమ్మ. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలో భానుమతి నాగమ్మ. రెండూ బ్రహ్మనాయుడి వైపు నుంచి చెప్పిన కథలే. కానీ ఆ ఇద్దరు నటీమణులు ఎవరో ఒకసారి ఆలోచించండి. కన్నాంబ గొంతు ముందు మగ పాత్రలు చిన్నబోయిన రోజులవి. భానుమతి ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన మనిషి. నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, ‘అత్తగారి కథలు’ రాసిన రచయిత్రి. తన స్టూడియోకు తానే యజమాని. పొగరుబోతు అని పరిశ్రమ ఆమె గురించి చెప్పుకున్న కథలకు లెక్కలేదు. ప్రతినాయిక పాత్రకు ఆమెను ఎన్నుకున్నప్పుడు ఆ పాత్ర మీద తీర్పు స్క్రిప్టులో ఉండొచ్చు, తెర మీద నిలబడింది మాత్రం ఆమె ఠీవి. మంచి స్త్రీగా చూపించడానికి వీల్లేని శక్తిని మన సినిమా దుష్టపాత్రలో మాత్రమే చూపించగలిగింది. హాల్లో కూర్చున్న ఆడవాళ్ళు ఏది చూశారో, ఏది ఇంటికి తీసుకెళ్ళారో విమర్శకులు రాయలేదు.

ఈ కథంతా ‘నాయకురాలు నాగమ్మ’ను తిట్టుగా మార్చింది. పల్నాడులోనే కాదు, తెలుగునాట చాలాచోట్ల ఇది నుడికారం. ఇంటి లెక్క అడిగిన కోడలు, కూలి రేటు పెంచమని ముఠా తరఫున మాట్లాడిన ఆడమనిషి, పంచాయితీలో నోరు విప్పిన విధవ – ‘బయల్దేరిందమ్మా నాయకురాలు నాగమ్మ’ అంటారు. దీనికి తోడు ‘ఆడ పెత్తనం, తంబళ దొరతనం’ అని సామెత. స్త్రీనీ ఒక కులాన్నీ ఒకే ఊపులో అవమానించే సామెత అది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, స్థానిక సంస్థల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు దక్కిన తర్వాత ఈ తిట్టుకు కొత్త పని దొరికింది. సంతకం మాత్రం పెట్టి, పెత్తనం భర్తకు వదిలేసిన సర్పంచిని ఎవరూ నాగమ్మ అనరు. ఆవిడ ‘లక్ష్మి లాంటి మనిషి’. బిల్లు చదివి సంతకం పెడతానన్న మరుక్షణం నాగమ్మ అవుతుంది. అంటే ఆ పేరు ఇప్పటికీ ఒక సరిహద్దు రాయి. ఎక్కడ పెట్టారో చూస్తే ఎవరు దేన్ని దాటారో తెలుస్తుంది.

అయినా పేరు పోలేదు. కార్తీకం మళ్ళీ వస్తుంది. చవితి నాడు ఆడవాళ్ళు పుట్ట చుట్టూ తిరిగి నాగమ్మ తల్లీ అని మొక్కుతారు. అదే నెల అమావాస్యకు కారంపూడిలో నాగులేరు ఒడ్డున వీరుల తిరునాళ్ళు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు – ఐదు రోజులు. ఆ ఏరు పేరులోనూ నాగులే. ఒక నెలలోనే, ఒక నేల మీదే, ఒక పేరుకు పూజా జరుగుతుంది, నిందా జరుగుతుంది. రెండు చోట్లకూ ఆ ఆడవాళ్ళే వెళ్తారు. వాళ్ళకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు. కైక పేరుకు కావ్యం బయట నిలబడే చోటు లేదు, అందుకే కావ్యంతో పాటు శిక్షపడి పోయింది. నాగమ్మ పేరుకు పుట్ట ఉంది, చేను ఉంది, చెవిపోటు వచ్చిన బిడ్డ ఉంది. ఈ తల్లులు మంత్రి నాగమ్మ మీద గౌరవంతో పిల్లలకు పేరు పెట్టారని నేను చెప్పడం లేదు. ఆమెకు వ్యతిరేకంగా చెప్పిన కథ తమ పేరును తమ దగ్గర నుంచి తీసుకుపోవడానికి ఒప్పుకోలేదని చెప్తున్నాను. స్త్రీల సంప్రదాయం వాదించి గెలవలేదు. వినిపించుకోకుండా తన పని తాను చేసుకుపోవడం ద్వారా నిలబడింది. విమర్శలో మనం ‘ప్రతిఘటన’ అనే మాటను చాలా పెద్ద సందర్భాలకు దాచుకుంటాం. ఇలాంటి చెవుడు కూడా ప్రతిఘటనే.

*

మరి ఈ పేరును చివరికి ఓడించింది ఏది? ఏళ్ళ తరబడి కాలేజీలో హాజరు పిలిచిన అనుభవంతో ఈ జవాబు చెప్పగలను. మొదట్లో నాగమ్మలు ఉండేవాళ్ళు కాదు గానీ నాగలక్ష్ములు, నాగమణులు, నాగజ్యోతులు, నాగవేణులు వరుసగా పలికేవాళ్ళు. వాళ్ళ అమ్మల పేరు అడిగితే నాగేశ్వరమ్మ, నాగరత్నమ్మ. అమ్మమ్మల పేరు అడిగితే నాగమ్మ. మూడు తరాల్లో ఒక పేరు నడిచిన దారి అది. ఈ దారిని ఒక పాఠంలా చదవొచ్చు. నాగేశ్వరమ్మలో పాముకు ఈశ్వరుడు వచ్చాడు. తల్లి స్వతంత్రంగా ఉండకుండా స్వామి వెనక నిలబడింది. నాగరత్నమ్మ, నాగమణిలో పాము పోయి దాని పడగ మీది నగ మిగిలింది. నాగలక్ష్మిలో పుట్ట ఇనప్పెట్టె అయింది. నాగవేణిలో పాము జడ అయింది. కావ్యనాయిక జడను పాముతో పోల్చే మగకవి చూపు ఇక్కడికొచ్చి ఆడపిల్ల పేరయింది. భయపెట్టగలిగే తల్లి, చూడముచ్చటైన వస్తువుగా మారిపోయింది. చివరికి ‘అమ్మ’ రాలిపోయింది. హాజరు పట్టీలో అమ్మ ఉంటే మొరటు, పల్లెటూరు, కూలిజనం. పూర్తి పేరు చెప్పమంటే ‘వెంకట నాగమ్మ’ అనాల్సిన పిల్ల ‘వి.ఎన్.’ అని పొడి అక్షరాల్లో దాక్కోవడం నేను విన్నాను. శ్రీనాథుడి ద్విపద చెయ్యలేని పనిని ఒక క్లాసురూములో నవ్వు చేసింది.

మతం మారినవాళ్ళ దారి వేరు. 1842లో గుంటూరుకు లూథరన్ మిషన్ వచ్చింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న, కరువు రోజుల్లో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ దళిత కుటుంబాల స్త్రీలు మరియమ్మ, మార్తమ్మ, కరుణమ్మ, సువార్తమ్మ అయ్యారు. వాళ్ళు నాగును వదిలారు గానీ అమ్మను వదల్లేదు. ‘ఒసే’ అని మాత్రమే పిలిచే ఊళ్ళో పేరు చివర ‘అమ్మ’ను పిలిపించుకోవడం వాళ్ళకు గౌరవం సంపాదించుకోవడం. ఎవరికి మొరటు, ఎవరికి గౌరవం అన్నది పిలిచే నోటిని బట్టి ఉంటుంది. మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకున్న హిందూ తల్లులు కూతుళ్ళకు మస్తానమ్మ అని పెట్టుకున్నారు. వందేళ్ళు పైబడిన వయసులో గుంటూరు జిల్లా పొలాల్లో కట్టెల పొయ్యి మీద వంట చేసి, యూట్యూబులో లోకమంతా చూసిన మస్తానమ్మ 2018లో చనిపోయింది. పారశీకంలో మత్తుడనే అర్థం నుంచి వచ్చిన మాటకు తెలుగు ‘అమ్మ’ను కలిపి, ఏ మతపెద్ద అనుమతీ అడక్కుండా పేరు తయారుచేసుకున్న ఆడవాళ్ళు వీళ్ళు. నాగమ్మను కాపాడుకున్నదీ ఈ తెగువే. ఈ రోజుల్లో ఇలాంటి పేరు పెట్టబోతే ముందు ఏ మతమని అడుగుతున్నారు.

మన సాహిత్య చరిత్రలో ఇంకో నాగరత్నమ్మ ఉంది. బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను కందుకూరి వీరేశలింగం అసభ్యమని నిందిస్తే, సరైన ప్రతి వెతికి, పరిష్కరించి, పీఠికలో ఆయనకు జవాబు చెప్పి 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన 1946–47 కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఇక్కడ కూడా పల్నాటి కథలాంటిదే జరిగింది. ఒకవైపు సంస్కర్త, నిజంగానే పెద్ద సంస్కర్త. ఇంకోవైపు ఆయన తీర్పును ఒప్పుకోని స్త్రీ. మధ్యలో స్త్రీ రాసిన పుస్తకం. తేడా ఒక్కటే. పల్నాటి నాగమ్మ తన పీఠిక రాసుకోలేదు. ఈ నాగరత్నమ్మ రాసుకుంది. అందుకే ముద్దుపళని మనకు దక్కింది.

ఆ తేడాలోనే మనకు పని ఉందనుకుంటాను. పేర్లను తిరిగి పెట్టుకోమని నేను అడగడం లేదు. పుట్టబోయే పిల్లకు నాగమ్మ అని పెట్టి, క్లాసులో ఆ నవ్వు దానిచేత భరింపజెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు. పేరు మోసేది పిల్ల, సిద్ధాంతం చెప్పేది మనం. కానీ ఆ పేర్లు మోసిన చివరి తరం ఇప్పుడు ఎనభైల్లో, తొంభైల్లో ఉంది. వాళ్ళు పోయాక కథ ఒక్కటే మిగులుతుంది. పుట్ట దగ్గరి అర్థం తెలిసినవాళ్ళు లేకపోతే, నాగమ్మ అంటే కోడిపందెంలో మోసం చేసిన ఆడది అన్న అర్థం ఒక్కటే మిగులుతుంది. ఇన్ని వందల ఏళ్ళు కావ్యం గెలవలేని పోరు అప్పుడు ఎవరూ ఎదురు లేకుండా గెలుస్తుంది.

కాబట్టి రాయవలసింది ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో పల్నాటి వీరచరిత్ర మీద వచ్చిన సిద్ధాంత వ్యాసాలు వీరరసం, ఛందస్సు, చారిత్రకత గురించి చాలా చెప్పాయి. కారంపూడి చుట్టుపక్కల నాగమ్మ అని పేరున్న స్త్రీలను కూర్చోబెట్టి, నీకీ పేరు ఎవరు పెట్టారు, ఏ మొక్కుకు పెట్టారు, ఈ పేరుతో నిన్ను ఎవరైనా తిట్టారా, తిడితే నువ్వేమన్నావు అని అడిగిన పరిశోధన నా కంట పడలేదు. అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. జవాబులు చెప్పగలిగినవాళ్ళు ఇంకా అరుగుల మీద కూర్చుని మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నారు.